మాలో మేం అడుక్కోని ప్రశ్నలు

మమ్మల్ని ప్రశ్నించే హక్కు అందరికీ ఉంది. క్రికెట్ మ్యాచ్ రోజున టీ బడ్డీ దగ్గర ఎవరు గెలవాలని ఉందో అడుగుతారు. అద్దె ఇంటికి వెళితే పేరు వినగానే వంటింటి సంగతి అడుగుతారు. ‘మీరు తెలుగు భలే మాట్లాడుతున్నారే’ అని మెచ్చుకుంటారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ మావే. సింహాచలం కొండ నీడలో పుట్టి పెరిగిన వాళ్లం తెలుగు కాక మరేం మాట్లాడతాం? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’, ఆ తర్వాత మేం రాసిన వాటిలో చాలా భాగం ఈ ప్రశ్నలకు జవాబులే. రాయక తప్పలేదు. కాని జవాబులు చెప్పీ చెప్పీ మా మొహాలు బయటివాడి వైపే తిరిగి ఉండిపోయాయి.

అమెరికా నల్లవాళ్లు దీనికి ఒక దారి వెతికారు. 1996లో క్రిస్ జాన్సన్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ శాన్ డియాగోలో, డబ్బుతోనూ తరాలతోనూ విడిపోయిన తన వాళ్ల మధ్య వీడియో కెమెరాని పెట్టాడు. తర్వాత హాంక్ విల్లిస్ థామస్, బాయెటే రాస్ స్మిత్, కమాల్ సింక్లెయిర్ (పేరు చూసి మగవాడనుకునేరు, ఆమె స్త్రీ) కలిశారు. 160 మందికి పైగా నల్ల మగవాళ్లను చిత్రించి, 2012లో ‘క్వశ్చన్ బ్రిడ్జ్: బ్లాక్ మేల్స్’ పేరుతో బ్రూక్లిన్ మ్యూజియం వంటి చోట్ల ఐదు తెరల మీద చూపించారు. పద్ధతి చాలా సులువు. ఒకడు కెమెరా కళ్లలోకి చూస్తూ, తనలాంటి నల్లవాడే అయినా తనకు దూరమైన మరొకణ్ణి ప్రశ్న అడుగుతాడు. ఆ రెండోవాడు మరో ఊళ్లో, మరో రోజు, ఆ వీడియో చూసి కెమెరాకే జవాబు చెబుతాడు. ఇద్దరూ ఎదురుపడరు. మధ్యలో అడ్డు తగిలే పెద్దమనిషి లేడు, అనువదించే తెల్లవాడూ లేడు. తెల్లవాళ్ల ముందు పుచ్చకాయ తినడానికి నాకొక్కడికేనా ఇబ్బంది అని ఒకడు అడుగుతాడు. నవ్వొస్తుంది, ఆ వెంటనే మన టిఫిన్ డబ్బా మూత గుర్తొస్తుంది. పౌరహక్కుల పోరాటం చేసిన పెద్దల్ని, మాకు దారి గీసి ఎందుకు ఇవ్వలేదని ఒక కుర్రవాడు నిలదీస్తాడు.

నల్లవాళ్ల నుంచి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. 1972లో బొంబాయి దళిత యువకులు పాంథర్స్ పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నారు. కెమెరా కూడా కొత్త కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో చదువు రాని దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో వీడియో నేర్చుకుని, పైనుంచీ కిందనుంచీ తీసే షాట్లకు దొర, జీతగాడి చూపుల పేర్లు పెట్టారు. కంటికి కన్ను సమంగా తీసేదాన్ని ‘సంఘం షాట్’ అన్నారు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాఠంలోనూ ఇంత మంచి మాట దొరకదు.

ఆ సంఘం షాట్‌నే మేం సెల్‌ఫోన్‌తో గోపాలపట్నంలో ప్రయత్నించాం. మొదట ఎవరూ అడగలేదు. అందరూ జవాబులే చెప్పారు, ‘మేమూ దేశభక్తులమే’ అంటూ. ఎవరడిగారు భాయ్, అంటే నవ్వేశారు. ఆ అలవాటు వదిలించడానికే రెండు శుక్రవారాలు పట్టింది.

చివరికి పరుపులు కుట్టే ఒక నూర్‌బాషా పెద్దాయన అడిగారు: ‘సయ్యద్ సాబ్, మీ పక్కన నిలబడి నమాజు చేస్తాను. ఉర్దూ రాదని నవ్వుతారు, సరే. మా అబ్బాయికి మీ అమ్మాయినిస్తారా?’

రాజ్యం లెక్కలోనూ మేం ఒకటి కాదు. దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బిలో ఉన్నారు. 2007లో కొన్ని ముస్లిం తెగలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చినప్పుడు సయ్యద్‌లు, పఠాన్‌లు బయటే ఉన్నారు. ఇస్లాంలో కులం లేదని వేదిక మీద చెప్పే మేం ఆ జాబితాని ఇంట్లో మాత్రం జాగ్రత్తగా చదువుతాం.

సయ్యద్ సాబ్ ఆ వీడియో మూడుసార్లు చూశారు. ‘మా అబ్బా ఒప్పుకునేవారు కాదు అనబోయాను. అబద్ధం. నేనే ఒప్పుకోను. ఎందుకో నాకే తెలీదు’ అన్నారు. ఏ సభలోనైనా ఈ మాట అనేవారా?

ఒక మెకానిక్ కుర్రవాడు, 1992కి చాలా తర్వాత పుట్టినవాడు, పెద్దల్ని అడిగాడు: ‘డిసెంబర్ 6 రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు చాచా? మాకెందుకు చెప్పలేదు?’ రైల్వేలో రిటైరైన ఒకాయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. ‘దీపం ఆర్పేసి కూర్చున్నాం బేటా. ఆ చీకటి మీకివ్వకూడదనుకున్నాం.’ కుర్రవాడు అది చూసి ఒప్పుకోలేదు. ఇవ్వకపోయినా మాకు చేరింది కదా, అది ఎక్కడినుంచొచ్చిందో తెలియకుండా చేరింది, అని మళ్లీ రికార్డు చేయించాడు. ఆయన దానికి జవాబు ఆలోచిస్తున్నారు.

ఈ లోగా పరదా అవతల నుంచి ఒక ఆపా గొంతు వినిపించింది: ‘మగాళ్లనేనా అడిగేది?’ ఫోను లోపలికి పంపాం. నాలుగు ప్రశ్నలతో తిరిగొచ్చింది. మొదటిది మెహర్ గురించి: నిఖా రోజున అందరి ముందూ ఒప్పుకున్నారు కదా, ఎంతమంది చేతికిచ్చారని. ఆ వీడియోని ఇప్పటికి పదకొండు మందికి చూపించాం. ముగ్గురు టీ చెప్పారు, ఒకరికి నమాజు వేళ అయింది, మిగతావాళ్లు ఆదివారం చెబుతామన్నారు.