యంత్రబంధనం నుండి పాఠోద్ధరణం

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు ఒక ప్రార్థన వ్రాసి ఉంచటం ప్రాచ్యవిద్యాభ్యాసం చేసినవారికి కొత్త విషయం కాదు. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి తనను కాపాడవలెనని, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దని పుస్తకమే వేడుకొంటున్నట్లు ఆ శ్లోకాలు సాగుతాయి. అగ్ని, చోరులు, ఎలుకలు కూడ కొన్నిచోట్ల ఆ శత్రువుల పట్టికలో చేరినవి. గ్రంథం చెక్కుచెదరక ఉండి కూడ, దానిని వ్రాసినవాడే తెరిచి చూడలేని స్థితి ఒకటి రాగలదని మాత్రం ఆ లేఖకులు ఊహించి ఉండరు.

కోస్తాలోని ఒక ప్రాచ్య కళాశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందిన పండితులొకరికి 2021లో సరిగా ఈ స్థితియే ఎదురైనది. ఆయన 2003 మొదలు ఆరేండ్లపాటు శ్రమించి ఒక అముద్రిత ద్విపద కావ్యానికి మూడు తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠాంతరాలు సేకరించినారు. క, ఖ ప్రతులు నేటికీ భద్రంగా ఉన్నవి. గ-ప్రతి గోదావరి తీరాన ఒక గృహస్థునిది. ఆ ఇంటి పెద్ద కాలం చేసిన తరువాత, పూజాపీఠం మీద ఉన్న కట్టలన్నింటినీ శాస్త్రోక్తంగా నదిలో కలిపినారు. భక్తితో చేసిన పని కాబట్టి ఎవరినీ తప్పుపట్టటానికి లేదు. పండితులవారు చేతితో వ్రాసుకొన్న చీటీలు చెదల పాలైనవి. కాగా గ-ప్రతి పాఠాలు మిగిలినది ఒక్కచోటనే: ఆయన ఇంట మూలనున్న పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కులో.

ఆ యంత్రం ఎన్నో ఏండ్లుగా మూతబడి ఉన్నది. ఒక ప్రచురణ సంస్థ ఈ కావ్యాన్ని ముద్రించటానికి ముందుకు రాగా, దానిని బయటికి తీయించినారు. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి పనికిరాకుండా పోయినవి. బజారులోని మరమ్మతు దుకాణంవారు అదే తరహా పాత బోర్డు నొకదానిని వెదకి అమర్చినారు. యంత్రం లేచినది. కాని లోనికి ప్రవేశించబోగా, ముందుగా యాక్టివేషన్ జరుపవలెనన్న సందేశం తెరమీద నిలిచినది. ఒప్పుకొంటే జరపటానికి మార్గం లేదు. వద్దంటే మరల మొదటి ద్వారం వద్దకే పంపుతున్నది.

ఈ యాక్టివేషన్ అనునది ఏమి? 2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ ఈ పద్ధతిని సామాన్య గృహాలలోనికి తెచ్చినది. ఒకే ప్రతిని పలువురు పలు యంత్రాలలో వేసుకొనకుండ చేయటం దీని ఉద్దేశం. ప్రోగ్రామును స్థాపించిన 30 దినాలలో అంతర్జాలం ద్వారా గాని, దూరవాణిలో అంకెల వరుసలు చెప్పి గాని అనుమతి పొందవలెను. అప్పుడు అది ప్రాసెసరు, హార్డ్ డిస్కు, నెట్‌వర్క్ కార్డు మొదలైన పది భాగాల గుర్తులను కలిపి ఆ యంత్రానికొక ముద్ర ఏర్పరచుకొంటుంది. ఒకటి రెండు భాగాలు మారితే సహిస్తుంది. పెక్కు మారినవో, ఇది వేరొక యంత్రమని భావించి తిరిగి అనుమతి కోరుతుంది. బోర్డు మారినపుడు దానితోపాటు అనేక గుర్తులు ఒక్కసారిగా మారుతాయి. ఇల్లు బాగుచేయించుకొన్న యజమానిని కావలివాడు గుర్తుపట్టకపోవటం వంటిది ఇది. కావలివాని తప్పేమీ లేదు. అతనికి చెప్పిన ఆనవాళ్లే అవి. పైగా కొత్త బోర్డులోని నెట్‌వర్క్ భాగానికి తగిన డ్రైవరు లేదు. దానిని వేయవలెనంటే లోనికి పోవలెను. లోనికి పోవలెనంటే అది ఉండవలెను. న్యాయశాస్త్రంలో అన్యోన్యాశ్రయ దోషానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

దుకాణంవారు సూచించిన పరిష్కారం ఒక్క వాక్యమే. "మాస్టారూ, ఫార్మాట్ కొట్టిస్తే కొత్తదానిలా అయిపోతుంది." ఆ మాటకు అర్థమేమో పండితులవారికి వెంటనే తెలియలేదు. కొత్తదానివలె కావటమంటే ఉన్నదంతా తుడిచివేయటమని ఆయన శిష్యుడొకడు సమయానికి వివరించకపోయినట్లయితే, గ-ప్రతి రెండవసారి, ఈసారి నీరు లేకుండానే, మునిగిపోయి ఉండేది.

ఆ శిష్యుడు ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు; యంత్రవిద్యలో పట్టా ఏదీ లేనివాడు. అతడు చెప్పినది చాల సరళమైన విషయం. "గురువుగారూ, తాళం పడినది వీధి తలుపుకే. పెట్టెకు కాదు." యాక్టివేషన్ అడ్డగించేది ఆ నిర్వహణ వ్యవస్థను ఉపయోగించటాన్ని మాత్రమే. డిస్కు మీది పత్రాలను అది ముట్టదు, గూఢలిపిలోనికి మార్చదు. కనుక తాళం పగులగొట్టే ప్రోగ్రాముల జోలికి పోనక్కరలేదు. డిస్కును వెలికి తీసి వేరొక యంత్రం చేత చదివించితే చాలును. సేఫ్ మోడ్‌లో ఆ యంత్రంలోనికే ప్రవేశించే వీలు కూడ ఉన్నది గాని, జీర్ణమైన డిస్కును దాని సొంత వ్యవస్థతో నడపటం క్షేమం కాదని అతడు మానుకొన్నాడు. నడిచిన ప్రతిసారీ ఆ వ్యవస్థ డిస్కు మీద ఏదో ఒకటి వ్రాస్తూనే ఉంటుంది.

40 సూదుల పాతరకపు ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే చిన్న పరికరమొకటి స్వల్పమైన వెలకే లభించినది. లినక్సు నడిచే కంప్యూటరుకు దానిని తగిలించి, మొట్టమొదట డిస్కునంతటినీ మొదటి బిందువు నుండి తుది వరకు ఒకే ఫైలుగా ప్రతి తీసినాడు. ఆపైన పనియంతా ఆ ప్రతి మీదనే. మాతృక మరల నడువలేదు. పెళుసైన తాళపత్రానికి ముందుగా ఛాయాచిత్రం తీసి, ఆ ఛాయ మీదనే పరిష్కరణ సాగించే పద్ధతి ఎరిగినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. పండితులవారు తమ పత్రాల అరకు సంకేతపదం పెట్టుకొని ఉన్నారు. అది ఆ వ్యవస్థ తనలో తాను పాటించే కట్టుబాటే గనుక, బయటి నుండి చదివేటప్పుడు అడ్డు రాలేదు. ఫైళ్లను గూఢలిపిలో దాచుకొనే సదుపాయం ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఉన్నది. దానిని వాడి ఉన్నట్లయితే తగిన తాళపుచెవి లేక అంతా వ్యర్థమయ్యేది. ఆయన యంత్రంలోనిది హోమ్ ఎడిషన్. అందులో ఆ సదుపాయమే లేదు. తక్కువ వెలకు కొన్నందుకు ఒకరోజు ఇట్లు మేలు కలిగినది.

ఇంతవరకు రెండు దినాల పని. అందరినీ భయపెట్టిన బంధనం తొలగినది. ఫైలు తెరిచి చూడగా తెలుగు లేదు. ఆంగ్లాక్షరాలు, విరామచిహ్నాలు కలగాపులగంగా కనిపించినవి.

అసలు తాళం ఇదియే. ఆనాటి ముద్రణాలయాల ఫాంటులు పెక్కు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచలేదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన ఆకారపు ముక్కలను ఆంగ్లాక్షరాల స్థానాలలో కూర్చి, కంటికి తెలుగుగా తోపింపజేసినవి. ఏ ముక్క ఏ స్థానంలో అనునది ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరు. యూనికోడ్ మొదటి సంపుటి 1991లోనే తెలుగుకు స్థానమిచ్చినది. విండోస్ ఎక్స్‌పీతోపాటు యూనికోడ్‌ననుసరించే గౌతమి అను తెలుగు ఫాంటు కూడ వచ్చినది. అనగా పండితులవారి యంత్రంలోనే ఆ సదుపాయం ఉన్నది. అయినను పుటలు కూర్చటానికి వాడుకలో ఉన్న పేజ్‌మేకర్ దానిని గ్రహించలేదు గనుక, వ్రాయసకాండ్రు పాత దారినే నడిచినారు. వాడిన ఫాంటు అదృష్టవశాన అదే డిస్కులో దొరికినది. దానిని స్థాపించగానే పుటలు కంటికి కనిపించినవి. కాని వెదకటానికి, అకారాది క్రమంలో పెట్టటానికి ఆ రూపం అక్కరకు రాదు.

అక్షరాలను యూనికోడ్‌లోనికి మార్చే ప్రోగ్రామొకటి సంపాదించి నడుపగా, క్షణంలో మార్పు జరిగినది. శిష్యుడు సంతోషించినాడు. పండితులవారు మొదటి పుట చదివి, "నాయనా, దీనికంటే చెదలు నయం" అన్నారు. శకటరేఫలన్నీ సాధురేఫలైనవి! ఆ ప్రోగ్రాము కూర్చినవారు ఱకారం నేటి వాడుకలో లేదని కాబోలు, రెండింటినీ ఒకే స్థానానికి పంపినారు. అరుగు అనగా పోవటం. అఱుగు అనగా జీర్ణం కావటం. అర్థభేదం అటుంచినను, క, ఖ ప్రతుల లేఖకులు ఈ భేదాన్ని విడిచిపెట్టినారు. గ-ప్రతి లేఖకుడొక్కడే పాటించినాడు. ద్విపదలో ప్రతి రెండు పాదాలకూ ప్రాస కుదరవలెను. పూర్వకవులు ఈ రెండు రేఫలకు ప్రాస కూర్చలేదు. కావ్యకాలాన్ని నిర్ణయించటానికి ఆయన చూపదలచిన ప్రధానమైన ఆధారం గ-ప్రతిలోని ఈ లిఖిత సాక్ష్యమే. నదికి, చెదలకు, యాక్టివేషన్‌కు చిక్కక తప్పించుకొన్న పాఠం, సహాయం చేయవచ్చిన ప్రోగ్రాము చేతిలో మాసిపోయినది. తనకు తెలియని రూపాన్ని తెలిసిన రూపంగా దిద్దే లేఖకుని గుణాన్ని పాఠపరిష్కర్తలు చిరకాలంగా ఎరుగుదురు.

అంతట గురుశిష్యులు తమకు తామే పట్టిక కట్టినారు. ఫాంటులోని ప్రతి ఆకారానికి సంఖ్య, దానికి సరియైన తెలుగు విలువ, చేరిక క్రమం. క్రారవడి కంటికి హల్లుకు ముందు కనిపిస్తుంది. ఫాంటు అట్లే ముందుంచినది. యూనికోడ్‌లో హల్లు ముందు, రేఫ వెనుక. ఐత్వం రెండు ముక్కలు. ఇట్టివన్నీ వ్రాసికొనటానికి మూడు నెలలు పట్టినది. శిష్యుడు పైకి చదువగా గురువు విని, ఛందస్సు తప్పినచోట ఆపేవారు. తప్పు పట్టికలోనిదో, వ్రాయసకానిదో, లేఖకునిదో తేల్చి ముందుకు సాగేవారు.

అరసున్న మరింత శ్రమపెట్టినది. ప్రతులలో అది లేదు. పరిష్కర్తగా పండితులవారు చేర్చినది. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరం కదా! ఆ ఫాంటులో అరసున్న లేక, వ్రాయసకాడు కుండలీకరణపు ఎడమ చిహ్నాన్ని వాడినాడు. సందిగ్ధమైన సవరణలను కూడ ఆయన కుండలీకరణాలలోనే ఉంచినారు. ముగింపు చిహ్నం ఉన్నచోట సవరణ, లేనిచోట అరసున్న అని నియమం చేసికొన్నారు. సవరణ లోపలనే అరసున్న వచ్చి, ముగింపు చిహ్నం ఒక్కటే పడిన స్థలాలు పదకొండు తేలినవి. సవరణ ఎక్కడ మొదలైనదో వాటిలో పండితులవారికే జ్ఞప్తికి రాలేదు. ఆ పదకొండింటిని నక్షత్ర చిహ్నంతో గుర్తించి, సందేహమని అధస్సూచికలో పేర్కొని, ప్రతిని ముద్రణకు పంపినారు.