రెండడుగుల లోతున ఊట: ప్లాట్ నది ఒడ్డు నుంచి ఉత్తరాలు

గ్రాండ్ ఐలాండ్, నెబ్రాస్కా
మార్చి మూడో వారం

నాన్నగారికి,

ప్లాట్ నదిని చూస్తే కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళకి ముందు నవ్వొస్తుంది. అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా ఎటు చూసినా ఇసుక దిబ్బలు, వాటి మధ్య జడపాయల్లా విడిపోయి మళ్ళీ కలిసే నీళ్ళు. చాలాచోట్ల మోకాలి లోతు దాటదు. రాకీ పర్వతాల మంచు కరిగి రెండు దారుల్లో వచ్చి, నార్త్ ప్లాట్ అనే ఊరి దగ్గర ఒకటై, అక్కడి నుంచి తూర్పుగా 500 కిలోమీటర్లు నడిచి మిస్సోరీలో పడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆరిగన్ వెళ్ళే బళ్ళు దాదాపు అన్నీ ఈ ఒడ్డు పట్టుకునే పడమరకి సాగాయి. పశువులకి మేతా నీళ్ళూ దొరికే దారి ఇదే మరి.

చుట్టూ ఉన్నది వాన తక్కువ దేశం. గ్రాండ్ ఐలాండ్‌లో ఏడాదికి 650 మిల్లీమీటర్లు పడితే, పడమరగా నార్త్ ప్లాట్ చేరేసరికి అది 500కి దిగుతుంది. అంటే దాదాపు అనంతపురం వాన. మెట్ట మీద చెట్టు అరుదు, గడ్డే రాజ్యం. కానీ నది పక్కన పల్లపు పట్టీలో ఆ లెక్క తప్పుతుంది. అక్కడ ఆకాశం ఇచ్చింది కొంతే, మిగతాది కింద నుంచి వస్తుంది.

ఆ కింది కథ తెలియాలంటే గొయ్యి తవ్వాలి. ఇక్కడి నేలల సర్వేవాళ్ళు వాన్ అని పేరుపెట్టిన మట్టిలో పార దించితే మొదటి అడుగు నల్లగా, వేళ్ళతో అల్లుకుపోయి వస్తుంది. ముట్టుకుంటే సన్న ఇసుక కలిసిన గరప. తరతరాలుగా గడ్డి వేళ్ళు చచ్చి కుళ్ళిన నలుపది. ఆ కింద బూడిద కలిసిన గోధుమ రంగు. అందులో అక్కడక్కడా తుప్పు మరకలు, ఇనుప మేకు నానబెట్టినచోట మిగిలే రంగు. ఇంకా దిగితే ఇసుక, గులక. రెండడుగులకో మూడడుగులకో గొయ్యి పక్కల నుంచి నీళ్ళు ఊరడం మొదలవుతుంది.

ఆ మరకలే నేల రాసుకున్న డైరీ. నీళ్ళు మట్టి రంధ్రాల్ని నింపగానే గాలి పోతుంది. లోపలి సూక్ష్మజీవులు మాత్రం బతకాలి కదా, ఆక్సిజన్ అయిపోతే నైట్రేట్ మీద పడతాయి, ఆ తరవాత మాంగనీస్, ఆ తరవాత ఇనుము. అలా మారిన ఇనుము నీళ్ళలో కరిగి కదిలిపోతుంది, అది వదిలిపోయినచోట మట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. వేసవిలో నీరు దిగి, వేరు పక్కనున్న సందులోంచి గాలి దూరగానే కరిగిన ఇనుము మళ్ళీ తుప్పై అక్కడే అతుక్కుంటుంది. కాబట్టి ఆగస్టులో, గొయ్యి పూర్తిగా ఎండి ఉన్నప్పుడు చూసినా, మార్చిలో నీళ్ళు మామూలుగా ఎంత ఎత్తుదాకా వస్తాయో మరకల్ని బట్టి చెప్పేయొచ్చు. సర్వే చేసేవాళ్ళు మన్సెల్ రంగుల పుస్తకం పక్కన పెట్టుకుని, తడి మట్టి ముద్దని ఒక్కో రంగు బిళ్ళతో సరిపోల్చి అంకె వేసుకుంటారు. చీరల కొట్లో జాకెట్టు ముక్క వెతికే ఓపిక కావాలి ఆ పనికి.

మట్టిలో నీరు ఎంత తేలిగ్గా దిగిపోతుందో చూసి అమెరికా వ్యవసాయ శాఖ నేలల్ని ఏడు తరగతులు చేసింది. వాన్ అందులో కింది నుంచి మూడోది. పూర్తిగా జౌకు కాదు, ఆరోగ్యమైన మెట్టా కాదు. మొక్క ఎదిగే కాలంలో కొన్నాళ్ళపాటు తడి ఒకటిన్నర నుంచి మూడున్నర అడుగుల మధ్య నిలబడుతుంది, అంతే.

గొయ్యి గోడలో ఇంకో వింత. మెట్ట నేలలో నలుపు పై నుంచి కిందికి క్రమంగా పలచబడుతుంది. ఇక్కడ అలా కాదు. తెల్లటి ఇసుక చార, దాని కింద మళ్ళీ నల్ల పొర, మళ్ళీ ఇసుక. ఒక్కో చారా ఒక్కో వరద. పాత గడ్డినేలని ఇసుక కప్పేసింది, దాని మీద కొత్త గడ్డి మొలిచింది. 2019 మార్చిలో పెద్ద మంచుతుఫాను వాన గడ్డకట్టిన నేల మీద పడి, నెబ్రాస్కా నదుల్లో చాలా ఒక్కసారి పొంగినప్పుడు చాలా పొలాల్లో, పచ్చికల్లో ఇలాగే ఇసుక మేట వేసింది. మన లంకల్లో వరద తరవాత రైతు చూసేది ఇదే కదా. ఒక ఏడు ఒండ్రు, ఒక ఏడు ఇసుక, ఏది వస్తుందో ఏటికే తెలియాలి.

గిబ్బన్ దగ్గర
మార్చి నాలుగో వారం

నాన్నగారికి,

ఈ ఉత్తరంలో మట్టి కంటే పక్షులే ఎక్కువ, అయినా మాట మట్టి గురించే.

శాండ్‌హిల్ క్రేన్లు మన సారస పక్షుల దాయాదులు. చలికాలం టెక్సాస్, మెక్సికోల్లో గడిపి ఉత్తరాన కెనడా, అలాస్కా, సైబీరియాల దాకా వెళ్ళేవి ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా ఇక్కడ దిగుతాయి. ఐదు లక్షలకి పైమాటే. ప్రపంచంలో ఉన్న ఈ జాతిలో నూటికి ఎనభై ఈ కాస్త నది మీద ఆగుతాయని లెక్క. రాత్రి ఇసుక దిబ్బల పక్కన లోతులేని నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి, నక్క వస్తే నీళ్ళ చప్పుడే కావలి. పగలు పొలాల మీద పడతాయి. తిండిలో నూటికి తొంభై వంతులు కోతలో రాలిన మొక్కజొన్న గింజలే. ఉన్న మూడు నాలుగు వారాల్లో ఒంటి బరువు ఇరవై శాతం దాకా పెంచుకుంటాయి.

మిగతా పది వంతుల దగ్గరే ఈ నేల అవసరం పడుతుంది. గింజలో కొవ్వు ఉంది, గుడ్డు పెట్టడానికి కావలసిన మాంసకృత్తులూ సున్నమూ చాలవు. అవి నది పక్క తడి పచ్చికల్లో వానపాముల్లో, నత్తల్లో, పురుగుల్లో దొరుకుతాయి. వసంతంలో ఊట పైకి రాగానే మట్టి మెత్తబడుతుంది, వానపాములు గాలి కోసం పై పొరకి చేరతాయి. క్రేన్లు ముక్కు దించి తీసుకోవడమే తరువాయి. ఊట నాలుగడుగుల కింద ఉండిపోతే ముక్కుకి గట్టి నేల తగులుతుంది. మరీ పైకొచ్చి నెలల తరబడి నిలిస్తే వానపామే ఉండదు. ఈ పక్షికి సరిపడే నేల ఆ రెండింటి మధ్య సన్న గీత మీద ఉంది.

ఆ గీత ఎంత సన్నమో పచ్చికలో నడిస్తే తెలుస్తుంది. పాత నదీ పాయలు పూడి గట్టూ పల్లమూగా మిగిలాయి. పైకి చూస్తే బల్లపరుపే. గట్టుకీ పల్లానికీ ఎత్తు తేడా రెండు మూడడుగులు, ఒక్కోచోట అదీ ఉండదు. కానీ పల్లంలో తుంగ జాతులు, కార్డ్‌గ్రాస్. అడుగు పైకొస్తే మనిషెత్తు పెరిగే బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్. గట్టు నెత్తిన మెట్ట గడ్డి, పొట్టిగా, ముతగ్గా. నీటిమట్టం లోతు మారిన చోటల్లా గడ్డి పేరు మారుతుంది.

ఈ ఏర్పాటు నది చేతిలో ఉంది, నది ఇప్పుడు తన చేతిలో లేదు. 1909లో వయోమింగ్‌లో పాత్‌ఫైండర్ ఆనకట్ట, 1941లో నెబ్రాస్కాలోనే కింగ్‌స్లీ ఆనకట్ట. ఇంకా ఎన్నో. వసంతపు వరద ఇసుక దిబ్బల్ని ఏటా ఊడ్చేసేది, అది తగ్గేసరికి దిబ్బల మీద కాటన్‌వుడ్, విల్లో చెట్లు పాతుకున్నాయి. 1978లో గార్నెట్ విలియమ్స్ అనే భూగర్భ సర్వే శాస్త్రవేత్త పాత పటాల్నీ విమానం ఫొటోల్నీ పోల్చి చూస్తే, పడమటి భాగంలో కొన్నిచోట్ల 1865 నాటి వెడల్పులో ఐదో వంతు కూడా మిగల్లేదు. నది సన్నబడి లోతుబడితే పక్క పచ్చికలో ఊట కూడా వెంట దిగుతుంది. అప్పుడు ఆ నేలని దున్నడం సులువవుతుంది. దున్నేశారు కూడా, పాత తడి పచ్చికల్లో చాలా భాగం ఇవాళ మొక్కజొన్న చేలు.

అదే 1978లో, ఉపనది మీద కడుతున్న గ్రేరాక్స్ ఆనకట్ట గురించి సాగిన కోర్టు తగాదా రాజీకి వచ్చి, ఆ డబ్బుతో క్రేన్ల కోసం ఒక ట్రస్టు పుట్టింది. మార్మన్ ఐలాండ్ అనే తావులో వాళ్ళు కాపాడుకొస్తున్న పచ్చికని చూస్తే, నాగలి తగలని వరద నేల ఎలా ఉండేదో అర్థమవుతుంది. 2007 నుంచి మూడు రాష్ట్రాలూ కేంద్ర ప్రభుత్వమూ కలిసి నదికి కొంత నీరు తిరిగి వదిలే కార్యక్రమం నడుపుతున్నాయి. ఊట నేలల సంగతి కలెక్టరాఫీసు దాకా వెళ్ళడం మనకీ కొత్త కాదు గానీ, పక్షి ముక్కు లోతు కోసం వెళ్ళడం కొత్తే.

కర్నీ
మార్చి నెలాఖరు

నాన్నగారికి,

మీరు ముందుగా అడిగేది తెలుసు: ఇలాంటి నేలలో సాగు గిడుతుందా?

గిడుతుంది, గొణుక్కుంటూ. వసంతంలో ఇవి ఆలస్యంగా వెచ్చబడతాయి. నీటిని వేడి చేయడానికి పట్టే ఎండ మట్టికి పట్టే ఎండ కంటే చాలా ఎక్కువ. నదికి దక్షిణాన మెట్ట మీద హోల్డ్రెజ్ అనే నేల ఉంది. గాలి మోసుకొచ్చిన మెత్తటి ధూళి మీద తయారైనది, నీరు చక్కగా దిగుతుంది, 1979లో దానికి రాష్ట్ర మట్టి అన్న బిరుదిచ్చారు. అక్కడ విత్తనం పడే సమయానికి ఇక్కడి రైతు ఇంకా పదును కోసం చూస్తూ ఉంటాడు. ఆగలేక ట్రాక్టరు దించితే తడి మట్టి చక్రాల కింద అణిగి ఇటుక అవుతుంది, ఆ గట్టిదనం ఏళ్ళ తరబడి పోదు. జూలైలో మాత్రం కథ తిరగబడుతుంది. మెట్ట చేను వాడిపోయే వారంలో ఇక్కడి మొక్క కింద నుంచి తాగుతూ ఉంటుంది.

అలా తాగడంలోనే ఒక పేచీ. ఒండ్రు మట్టిలో సన్న రంధ్రాల గుండా నీరు ఊట మట్టం నుంచి పైకి పాకుతుంది. ముతక ఇసుకలో కొన్ని అంగుళాలే, మెత్తటి ఒండ్రులో మూడడుగులకీ పైనే. పైకొచ్చిన నీరు ఎండకి ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు మాత్రం ఉండిపోతుంది. వానలు ఎక్కువున్న దేశంలో ఈ ఉప్పుని వానే కడిగేస్తుంది. 600 మిల్లీమీటర్ల దేశంలో కడగదు. మొదట సున్నం పేరుకుంటుంది. ఈ మట్టి మీద పలచటి ఆమ్లం చుక్క వేస్తే సోడా సీసాలా బుసబుసలాడుతుంది. సున్నంతో పెద్ద నష్టం లేదు. సోడియం చేరితేనే చిక్కు: బంకమట్టి రేణువులు విడిపోయి, తడిస్తే జారుడు, ఎండితే రాయి. మన చౌడే ఇది, తెల్ల చౌడూ నల్ల చౌడూ రెండూ కనిపిస్తాయి. పచ్చికలో సాల్ట్‌గ్రాస్ గుబురుగా కనిపించిందంటే కింద చౌడుందని ఇక్కడి పాతకాపులకి గుర్తు.

మందూ మన మందే, జిప్సం. ఇక్కడ వాళ్ళు పట్టుబట్టే సంగతి ఒకటుంది, మన దగ్గర చాలామంది వదిలేసేది. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడదీస్తుందే గానీ పొలం దాటించదు. దాటించాల్సింది నీరు. మురుగు పోయే దారి లేని పొలంలో జిప్సం బస్తాలు కుమ్మరిస్తే సోడియం రెండడుగులు దిగి, మళ్ళీ ఎండాకాలం ఊటతో పైకే వస్తుంది. ముందు కాలువ, తరవాత జిప్సం, ఆ తరవాత జీలుగో జనుమో.

ఎరువు సంగతి ఇంకో తీరు. తడి ఉన్నచోట సూక్ష్మజీవులు నైట్రేట్‌ని తినేస్తాయని మొదటి ఉత్తరంలో రాసిందే. రైతు వేసిన నత్రజనిలో కొంత అలా గాలిలో కలుస్తుంది, అది డబ్బు దండగ. కానీ గులక పైకి ఉన్న పొలాల్లో ఆ జీవులకి వ్యవధి దొరకదు. నైట్రేట్ సరాసరి కొద్ది అడుగుల కిందున్న బావినీటిలో పడుతుంది. తాగే నీటిలో లీటరుకి నైట్రేట్ రూపంలో నత్రజని 10 మిల్లీగ్రాములు మించకూడదని ఈ దేశపు నిబంధన. మధ్య ప్లాట్ లోయలో చాలా బావులు దాన్ని దాటాయి. నెబ్రాస్కాలో 1972 నుంచి నదుల పరీవాహకాల్ని బట్టి ఏర్పడిన, స్థానిక ఓటర్లు ఎన్నుకునే జిల్లా బోర్డులున్నాయి. ఇక్కడి బోర్డు 1987 నుంచి ఎరువు ఎప్పుడు, ఎంత వేయాలో నియమం పెట్టింది. తాము కూడా ఓటేసి ఎన్నుకున్న బోర్డు పెట్టిన ఆంక్ష కాబట్టి రైతులు తిట్టుకుంటూనే పాటిస్తారు.

శాండ్‌హిల్స్
ఏప్రిల్ మొదటి వారం

నాన్నగారికి,

నదిని వదిలి ఉత్తరానికి వస్తే ఇసుక కొండలు. దాదాపు 50,000 చదరపు కిలోమీటర్ల దిబ్బలు, పైనంతా గడ్డి. గడ్డి లేకపోతే ఇదొక ఎడారి. దిబ్బ నెత్తిన ఉన్న వాలెంటైన్ మట్టిలో నీరు పోసింది పోసినట్టే మాయం. దిబ్బల మధ్య లోయలోకి దిగితే ఎల్స్ అనే మట్టి. అదే ఇసుక, అదే రేణువు, కానీ ఊట పైకి ఉండటం వల్ల ప్లాట్ పచ్చికల తరగతిలోకి వస్తుంది. నిలబడ్డచోటి నుంచి దిబ్బ మీదికి కేకేస్తే వినపడేంత దూరంలో రెండు వేరే లోకాలు.

పశువుల కాపులకి ఆ లోయే ఖజానా. దిబ్బల మీద వేసవి మేత, లోయలో కోసి వాము వేసే ఎండుగడ్డి. మంచు కురిసే ఐదు నెలలూ మందకి అదే ఆధారం. 1904లో కింకైడ్ చట్టం వచ్చి కుటుంబానికి 640 ఎకరాలు ఇస్తే వేలమంది ఇక్కడికి వచ్చారు. దిబ్బల్ని దున్నినవాళ్ళ పొలాలు గాలికి లేచిపోయాయి, చాలామంది అమ్ముకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు గడ్డిని నమ్ముకున్నవాళ్ళు.

గడ్డి ఎక్కువ రావాలని వాళ్ళలో కొందరు తడి లోయల్లో మురుగు కాలువలు తవ్వారు. కోత యంత్రం దిగబడకుండా ఉండటానికి అది అవసరమే. కానీ ఇసుకలో తవ్విన కాలువ తవ్వినంత లోతున ఆగదు. కోసుకుంటూ ఎగువకి పాకుతుంది, లోయ మొత్తం ఊటని కిందికి లాగుతుంది. మొదటి కొన్నేళ్ళు గడ్డి బాగా వస్తుంది, తరవాత దిబ్బ గడ్డి లోయలోకి దిగుతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ కాలువలకే అడ్డుకట్టలు వేస్తున్నారు, అడుగున్నర నీరు తిరిగి నిలబెట్టడానికి.

ఊటని కొలవడం పెద్ద విద్యేం కాదు. 1932లో అచ్చైన అధ్యయనం కోసం వాల్టర్ వైట్ అనే ఆయన యూటా రాష్ట్రంలో బావుల్లో గడియారం పరికరాలు పెట్టి చూశాడు. పగలు మొక్కలు తాగుతున్నంతసేపూ మట్టం దిగుతుంది, రాత్రి మెల్లగా పైకొస్తుంది. ఆ ఎగుడుదిగుడు గీతని బట్టి మొక్కలు రోజుకి ఎంత తాగాయో లెక్కకట్టాడు. మన లంక పొలంలో గడ్డివాము పక్క పాత గొట్టం ఖాళీగానే ఉంది కదా. పాలేరు చేత పొద్దున్నొకసారి, సాయంత్రం దీపాలవేళకొకసారి తాడు దింపించి తడి ఎక్కడిదాకా ఉందో రాయించండి. వైశాఖం నుంచి కృష్ణకి నీళ్ళొచ్చేదాకా రాస్తే చాలు. చౌడు తేలిన ఆ మూల మడికి జిప్సం మాట అప్పుడు చూద్దాం.

అమ్మకి నమస్కారాలు.