బొజ్జన్నకొండపై నొక జన్మదినము

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ మొదలుకొని దేశమంతట లాక్‌డౌను విధింపబడినపుడు జనులనేకులు ఒంటరితనమును గూర్చి వాపోయిరి. గృహిణులకు మాత్రము దానికి విరుద్ధమైన బాధ కలిగినది. మగవారి కచేరీ, పిల్లల బడి రెండును ఇంటనే చేరినవి. పనిమనిషి రాదు, పొయ్యి ఆరదు. వీథివాకిలి మూసియున్నను, ఇంటిలోపల గడియసేపు తనదని చెప్పుకొనదగిన చోటు ఇల్లాలికి లేకపోయెను. మన సోదరీమణులలో పెక్కండ్రకు ఇది అనుభవమే యని తలంతుము.

ఆ యేడు డిసెంబరు మాసమున మా జన్మదినము వచ్చెను. అప్పటికి నిబంధనలు కొంత సడలినవి గాని బంధువులను పిలుచుటకు ధైర్యము చాలలేదు. మా అత్తగారు ఎనుబది యేండ్లు దాటినవారు. ఏమి కావలెనని ఇంటివారడుగగా, ఒక్క పగలు ఒంటరిగా ఎచటికైన పోయివచ్చెదమంటిమి. మేమని వ్రాయుచున్నాము గాని పోయినది ఒక్కరమే. మావారు కొంతసేపూరకుండి, “ఎవరిమీదనైన కోపమా?” అని యడిగిరి. అత్తగారు నవ్వి, “కోపము వచ్చిన ఆడది వంట మానును గాని ఇల్లు మానదు. పోయి రానీ నాయనా, దీపాలవేళకు వచ్చునుగదా” అనిరి.

ఎవరిని తాకక పోయి, ఎవరిని తాకక రావలెనని మా నియమము. కావున బస్సు లేదు, హోటలు లేదు. కారు మేమే నడుపుకొంటిమి. పులిహోర, పెరుగన్నము, మంచినీళ్లు ఇంటినుండియే తీసికొంటిమి. విశాఖపట్టణమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, బెల్లపు వర్తకమునకు పేరుపొందిన అనకాపల్లి యున్నది. అది నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. దానికి చేరువనే శంకరము గ్రామము. సంఘారామ శబ్దమే శంకరమైనదని పెద్దలందురు.

గ్రామమునకు దాపున రెండు గుట్టలున్నవి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. రెండవదానిపై రాతిలో మలచిన చిన్న స్తూపములు గుంపులుగా నున్నవి. చూపునకు లింగములవలె నుండుటచే దానికాపేరు వచ్చినది. ఇచట 1907-08లో అలెగ్జాండరు రీ దొర త్రవ్వకములు జరిపించెను. పురావస్తుశాఖవారి కట్టడములన్నియు మార్చిలో మూతపడి, జూలై 6 నుండి నియమములతో తెఱువ ననుమతి పొందినవి.

మేము మాస్కు ధరించి మెట్లెక్కితిమి. ద్వారపాలకుల నడుమనుండి లోనికిపోగా, పదునాఱు స్తంభముల గుహ, దాని నడుమ అదే రాతినుండి చెక్కిన స్తూపము. పైకెక్కిన ఇటుకల విహారపు పునాదులు కనబడును. వానిలో చిన్న చిన్న గదులు వరుసగా నున్నవి.

బౌద్ధభిక్షువులు వానకాలమున మూడు నెలలు సంచారము మాని ఒకచోట నుండుట నియమము. కూడుటకు చావడి, ధ్యానమునకు ఎవరి గది వారికి. ఒకచోట కలిసియుండువారికే విడిగది మఱింత అవసరమని ఆ కట్టినవారెఱుగుదురు. మన యిండ్లలో చావడి యున్నది. ఇల్లాలికి గది యేది? వంటిల్లందురు గాని, అది అందఱు వచ్చిపోవు త్రోవ.

ఆ గదుల ప్రక్కన కూర్చుండి చద్ది మూట విప్పితిమి. మమ్ము పెంచిన పినతల్లి ఆ సంవత్సరము ఆగస్టులో ఈ రోగముతోనే పోయినది. చిన్ననాట ప్రతి పుట్టినరోజునకు మాకు తలంటినది ఆమెయే. కడచూపు దక్కలేదు, కర్మలు ఫోనులో చూచితిమి. అత్తగారు బెదరుదురని, పిల్లలు చూతురని ఇంట కన్నీరు పెట్టలేదు. నాలుగు నెలలు దాచిన యేడుపు ఆ కొండమీద ఏడ్చితిమి. తరువాత పులిహోర తింటిమి. క్రింది పొలములలో ఎవరో పశువులను అదలించుచుండిరి. ఎండ వెచ్చగా నుండెను.

దీపాలవేళకు ఇల్లు చేరి, పెరటినుండియే పోయి స్నానము చేసి లోనికి వచ్చితిమి. పిల్లలు వండిన అన్నము కొంచెము మెత్తబడినది; అందఱము తింటిమి. అత్తగారు మా ముఖము చూచి, “పిన్నిని తలచుకొంటివా?” అని మాత్రమనిరి. మఱునాటినుండి పగలు రెండు మొదలు మూడు గంటలవఱకు వెనుకగది మాది. ఆ వేళ తలుపు ఎవరును తట్టరాదని ఆమెయే నియమము చేసిరి. ఆ గంట నేటికిని సాగుచున్నది.

శంకరము పోగోరు సోదరీమణులు ఉదయమే బయలుదేరుట మేలు. కొండపై నీడ తక్కువ, మంచినీళ్లు వెంటనుంచుకొనవలెను. తోడు కావలసినవారు తోడుతోనే పోవచ్చును.