మెత్తని గుడ్డే కదా!

పోయిన ఏడాది ఆషాఢంలో మా తమ్ముడు తన కారు మా ఇంట్లో పెట్టి, ఆఫీసు పని మీద ఇరవై రోజులు విదేశం వెళ్ళాడు. బెంగుళూరు నుంచి ఆదోనికి వచ్చి అమ్మను చూసి, అక్కడ మా సందులో కారు పెట్టే చోటు లేక, కోడుమూరులో నా దగ్గర వదిలి, హైదరాబాదు బస్సెక్కాడు. విమానం అక్కడినుంచి. తాళాలు నా చేతిలో పెడుతూ "జాగ్రత్త అక్కా" అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది.

కారు ముదురు నీలం రంగు. వెనక అద్దం మీద తెల్లటి అక్షరాలతో "నాయన దీవెన" అని రాయించుకున్నాడు. మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేశాడు. బతికినంత కాలం సైకిలే. ప్రతి ఆదివారం దాన్ని తిరగేసి నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో చువ్వ చువ్వా తుడిచేవాడు. తమ్ముడు పక్కన కూచుని పెడలు తిప్పేవాడు. నాయన పోయి మూడేళ్ళయింది. కారు ఆ తరువాత కొన్నదే.

నాయన పోయాక తమ్ముడు మా ఇంటికి వచ్చినా గంట కూచునేవాడు కాదు. మా మధ్య గొడవలేం లేవు. ఉంటే దాని గురించైనా మాట్లాడుకునేవాళ్ళమేమో! కాఫీ తాగి, పిల్ల చదువు అడిగి, ఫోను చూసుకుని లేచేవాడు. అందుకే కారు నా దగ్గర పెట్టడం నాకు పెద్ద గౌరవంగా అనిపించింది. వాడొచ్చేసరికి కారు అద్దంలా ఉండాలి అనుకున్నాను.

ఆషాఢం గాలి మా పక్క ఎట్లా ఉంటుందో ఈ సీమలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాన రాదు, గాలి మాత్రం ఇళ్ళు ఎత్తుకుపోయేట్టు వీస్తుంది. పొద్దున ఊడ్చిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. నాలుగో రోజుకే నీలం కారు మట్టి రంగుకు వచ్చింది. మా అత్తమ్మ జాలిపడి పాత దుప్పటి కప్పింది. అది గాలికి రెండు రోజులు టపటపా కొట్టుకుంది. పైగా కప్పు మీద కాకి రెట్ట ఎండి అతుక్కుపోయింది.

ఒక మధ్యాహ్నం వంట పని అయ్యాక కొంగు బిగించాను. నీళ్ళు పొదుపు కదా, అందుకని ముందు మెత్తని పాత నూలు చీర గుడ్డతో దుమ్మంతా పొడిగా తుడిచేశాను. తరువాత బకెట్టులో బట్టల పొడి కలిపి, గుండ్రంగా రుద్ది రుద్ది కడిగాను. రెట్టను గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో గీకాను. కప్పు మధ్యకు చెయ్యి అందక బానెట్టు మీదికి వాలి మరీ కడిగాను. మిట్ట మధ్యాహ్నం ఎండకు నీళ్ళు ఎక్కడివక్కడ ఆరిపోయాయి. పని అయిందని సంబరపడి లోపలికి పోయి పడుకున్నాను.

ఇప్పుడు ఈ పేరా చదివి కారున్నవాళ్ళు తల పట్టుకుంటారని తెలుసు. అప్పుడు నాకు తెలియదు.

మరుసటి పొద్దున ఏటవాలు ఎండ పడినప్పుడు చూశాను. బానెట్టంతా సాలెగూడు! వెలుగు పడ్డచోటల్లా చుట్టూ సన్నసన్నటి గుండ్రటి గీతలు. తలుపుల మీద తెల్లటి నీటి చుక్కలు. బానెట్టు అంచున మాత్రం రెండు గీతలు సూదితో గీసినట్టు లోతుగా ఉన్నాయి. అవెక్కడివని అరగంట ఆలోచించాను. చివరికి నా గాజులకు తగిలించుకున్న పిన్నీసు కనబడింది. మనకు పిన్నీసు లేకపోతే దినం గడవదు కదా!

మా ఆయన ఏమీ అనలేదు. ఆదివారం కారును కర్నూలుకు, తనకు తెలిసిన పెయింటింగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. నేనూ వెంటపోయాను. ఆ షెడ్డు పెద్దాయన బానెట్టు మీద టార్చిలైటు వేసి, "దేంతో తుడిసినారమ్మా?" అన్నాడు.

"పాత నూలు గుడ్డేనన్నా. చానా మెత్తంది."

"గుడ్డ మెత్తదే తల్లీ. దాని కింద మన్ను మెత్తదా?"

ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైంది. మిగతా సగం ఆయన ఓపిగ్గా చెప్పాడు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన రంగు లేని పారదర్శకమైన పూత ఒకటి ఉంటుందట. మనం చూసి మురిసిపోయే మెరుపంతా ఆ పై పూతదే. అది తల వెంట్రుక కన్నా పలుచన. దుమ్ములో ఉండే ఇసుక దాన్ని గీసేస్తుంది. ఇంటికొచ్చి మా పిల్ల సైన్సు వైపు నుంచి అందుకుంది. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్ అట. రాళ్ళ గట్టితనం కొలవడానికి 1812లో మోస్ అనే ఆయన పెట్టిన కొలతలో వజ్రానికి 10 అయితే దీనికి 7. గాజునే గీస్తుంది, ఇక పూత ఎంత? మెత్తని చీర గుడ్డతో నేను చేసిందల్లా ఆ ఇసుకను కారంతా తిప్పి తిప్పి నూరడమే. అత్తమ్మ కప్పిన దుప్పటి గాలికి ఊగుతూ చేసిందీ అదే పని. పాపం, ఆమెకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఆయన గీతల మీద గోరుతో అడ్డంగా గీసి చూపించాడు. గోరు పట్టుకోకపోతే పాలిష్‌తో పోతుంది. పట్టుకుంటే పోదు. సాలెగూడు పోతుందన్నాడు, పిన్నీసు గీతలు పోవన్నాడు. "పాలిష్ అంటే ఆ పూతనే రవ్వంత అరగదీసేదమ్మా. మాటిమాటికీ చేయించగూడదు" అని కూడా చెప్పాడు. 3000 అయింది. చీటీ డబ్బుల్లోంచి ఇచ్చాను.

తమ్ముడు వచ్చాడు. దాచడానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు ఆ రెండు గీతల మీద బొటనవేలితో రాసి చూసుకుని "ఏం కాదులే అక్కా" అన్నాడు. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. అన్నం తిని పొమ్మంటే, చీకటి పడకముందే బెంగుళూరు చేరాలని వెళ్ళిపోయాడు.

పది రోజులకు ఒక పార్సిలు వచ్చింది. లోపల బూడిదరంగు కుచ్చుల చేతితొడుగు ఒకటి, పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు ఒకటి, కారు షాంపూ సీసా, మొక్కలకు కొట్టేలాంటి చిన్న చేతిపంపు స్ప్రే డబ్బా. ఉత్తరం ముక్క లేదు. నాకు ముఖాన కొట్టినట్టయింది. వంటింట్లో కూచుని ఏడ్చాను. రాత్రి వాడే ఫోన్ చేసి "అందినాయా అక్కా? దసరాకు వస్తాను, ఇద్దరం కడుగుదాం" అన్నాడు. నేను అర్థం చేసుకున్నదేమిటి, వాడు పంపిందేమిటి!

అప్పటినుంచి దసరా దాకా మా ఆయన పాత కారు మీద సాధన చేశాను. అది తెల్లది, ఏ తప్పునైనా కడుపులో దాచుకుంటుంది. ఇంకో మాట, ఈ పనిలో నాకు అసలు గురువు మా అత్తమ్మ. కోడుమూరులో మగ్గాలున్న ఇళ్ళలో గద్వాల చీరలు నేస్తారు. మా అత్తమ్మ పుట్టిల్లూ అలాంటిదే. నూలు ఒళ్ళు, పట్టు అంచు. పట్టు అంచు చీరను ఆమె ఎండలో ఉతకదు, రుద్దదు, పిండదు. చల్లటి నీళ్ళలో కుంకుడు రసం కలిపి ముంచి తీసి, నీడన ఆరేస్తుంది. చీర ముట్టుకునే ముందు ఉంగరం తీసి పక్కన పెడుతుంది. కారును పట్టుచీర అనుకున్నాక నాకు పని సులువైంది. అన్ని రోజులూ నేను దాన్ని అడుగంటిన గిన్నె అనుకున్నాను మరి.

దసరాకు తమ్ముడు వచ్చాడు. కారు నిండా ఎర్రటి దుమ్ము. కావాలనే కడిగించకుండా వచ్చాడట.

మహర్నవమి పొద్దున ఆరింటికే, ఇంటి పడమటి గోడ నీడలో పెట్టాం. గాజులు, గొలుసు, పిన్నీసులు లోపల విప్పి వచ్చాను. ముందు చెయ్యి పెట్టకుండా పైనుంచి కిందికి నీళ్ళు కొట్టాలి. పైపు పెట్టి పారబోసే ఊరు కాదు మాది. అందుకే స్ప్రే డబ్బా. అది కొత్తది కొనుక్కోవాలి సుమా, పత్తి చేను మందు కొట్టిన డబ్బా కారుకైనా మనకైనా పనికిరాదు. మట్టి నాని జారిపోయేదాకా ఆగి, అప్పుడు షాంపూ. బట్టల పొడి, గిన్నెల సబ్బు వద్దు. వాటికి జిడ్డు ఏదో, కారు మీద ఉన్న మైనం ఏదో తెలియదు, రెండూ తీసేస్తాయి.

బకెట్లు రెండు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో వట్టి నీళ్ళు. ఒక తలుపు అయ్యాక తొడుగును వట్టి నీళ్ళలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. జాడించే బకెట్టు అడుగున నేను పాత ఇడ్లీ రేకు బోర్లించాను. ఇసుక చిల్లుల్లోంచి కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ గుడ్డకు అంటుకోదు. తమ్ముడు దాన్ని చూసి నవ్విన నవ్వు నాయన నవ్వే.

గుండ్రంగా రుద్దకుండా నిలువుగా, బరువు వేయకుండా తుడుస్తూ కప్పు నుంచి కిందికి వచ్చాం. చక్రాలకు, కింది అంచుకు వేరే గుడ్డ. ఒకసారి తొడుగు నా చేతిలోంచి జారి నేల మీద పడింది. ఇద్దరం ఒకేసారి "అయ్యో!" అన్నాం. నేలన పడ్డదాన్ని శుభ్రంగా కడగకుండా కారుకు తాకించకూడదు. కొత్త కాకి రెట్ట మీద తడిగుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేశాం, అదే మెత్తబడి వచ్చేసింది. మా బోరు నీళ్ళు చవుడు, ఆరితే తెల్ల మచ్చలు. అందుకని ఆఖరున తాగే నీళ్ళ క్యానులోంచి నాలుగు చెంబులు పోసి, ఆరకముందే తువ్వాలు పరిచి అద్ది తీశాం.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో వాడు ఫోను ముట్టుకోలేదు. ఉద్యోగంలో ఒత్తిడి చెప్పాడు. అమ్మను బెంగుళూరు రమ్మంటే రానంటోందని చెప్పాడు. నాయన సైకిలు ఇంకా ఆదోని ఇంట్లో మెట్ల కింద ఉందని, చూడబుద్ధి కాక గోనెసంచి కప్పి వచ్చానని చెప్పాడు. వెనక అద్దం నేను కడిగాను. ఆ అక్షరాల మీద మాత్రం ఇద్దరం చాలాసేపు నీళ్ళు పోస్తూ నిలబడ్డాం.

అత్తమ్మ వచ్చి బానెట్టు మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పిన్నీసు గీతల పక్కనే పెట్టింది బొట్టు. కళ్ళు కనబడక అట్లా పెట్టిందో, కనబడే పెట్టిందో.

సాయంత్రం అందరం గోరంట్ల మాధవస్వామి గుడికి పోయాం. హంద్రీ ఒడ్డున దిగి వచ్చేసరికి కారు మళ్ళీ మట్టికొట్టుకుపోయింది. పొద్దుటి కష్టమంతా పోయిందని బాధపడుతూ తమ్ముడు జేబులోంచి చేతిరుమాలు తీసి బానెట్టు మీద పెట్టబోయాడు.

"ఆగురా! ముందు నీళ్ళు" అన్నాను.