ఎడమ చేతిలో వెనక బ్రేకు

హైదరాబాద్ నుంచి అనంతగిరికి చాలాసార్లు వెళ్లాను. మొన్న ఆదివారం వెళ్లింది మాత్రం వేరే లెక్క. ఎప్పుడూ నా బండి వెనక కూర్చునే అన్న, ఈసారి సొంతంగా బండి నడుపుతూ నా ముందు వెళ్లాడు.

అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలిలో బలం పోయింది. ఎడమకాలు బాగానే ఉంది. ఆఫీసుకి స్కూటర్ మీద వెళ్తాడు. రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. పెద్దనాన్న పోయాక ఆయన 100 సీసీ బైకు కవర్ కప్పుకొని ఇంటి ముందు ఉండిపోయింది. అమ్మేద్దామా అంటే, "అమ్ముడెందుకురా, నేనే నడుపుతా" అన్నాడు.

బైకులో గేర్లు ఎడమకాలికి, వెనక బ్రేకు కుడికాలికి. సెల్ఫ్ స్టార్ట్ ఉంది కాబట్టి కిక్ కొట్టే పని లేదు. మిగిలింది ఆ పెడల్ ఒక్కటే. ముందు బ్రేకుతోనే లాగించొచ్చుగా అనుకున్నా. కానీ ఇసుక మీదో, తడి మలుపులోనో ముందు చక్రం పట్టేస్తే బండి జారిపోతుంది. రెండు బ్రేకులూ కావాల్సిందే.

వెతికితే మిక్ డూహన్ కథ దొరికింది. ఆస్ట్రేలియా రేసర్. 1992లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో పడి కుడికాలు బాగా దెబ్బతింది. తర్వాత ఆయన బండికి వెనక బ్రేకుని ఎడమ బొటనవేలితో నొక్కేలా పెట్టారు. 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు 500 సీసీ ప్రపంచ చాంపియన్! అన్నకి చూపిస్తే "మనం చేవెళ్ల దాటితే చాలు" అని నవ్వాడు.

పుత్లీబౌలిలో స్పేర్ పార్ట్స్ దుకాణాల దగ్గర ఒక మెకానిక్ భాయ్‌ని పట్టుకున్నాం. బొటనవేలి బ్రేకు వీడియో చూపించా. "అది ఆయిల్ బ్రేకు సార్. మీది డ్రమ్ము, వైరు గుంజాలె. వేలు ఎంతసేపు గుంజుతది?" అన్నాడు. సరే, ఒకే లివర్‌కి ముందూ వెనకా రెండు వైర్లూ కడితే? "ఆ ఒక్క లివర్ ఇరిగితే ఏం జేస్తరు?" నా నోరు మూతపడింది. ఆఫీసులో రోజూ సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని లెక్చర్లిచ్చేది నేనే మరి!

చివరికి పెడల్ నుంచి వెనక చక్రానికి వెళ్లే రాడ్ తీసేసి, స్కూటర్‌కి ఉన్నట్టు వైరు వేశాడు. ఎడమ హ్యాండిల్‌కి క్లచ్ కింద ఇంకో లివర్ బిగించాడు. పెడల్ దగ్గరుండే బ్రేక్ లైట్ స్విచ్‌ని కొత్త లివర్ దగ్గరికి మార్చాడు. ఇలాంటి బండిని చట్టంలో 'అడాప్టెడ్ వెహికిల్' అంటారు. ఆర్టీఏలో చూపించి, ఆర్‌సీలో రాయించుకున్నాకే రోడ్డెక్కాం.

అంతకుముందు రెండు వారాలు గ్రౌండ్‌లో ప్రాక్టీస్. ఒకే చేత్తో క్లచ్, బ్రేకు రెండూ పట్టడం అలవాటు కావాలి. ముందు బ్రేకు, బండి ఆగబోయే ముందు క్లచ్. ఆగినప్పుడు ఆనేది ఎడమకాలు ఒక్కటే. అందుకే ఆగకముందే గేర్లు దించేయాలి.

మొయినాబాద్ దాటాక గమనించా. అన్న స్లో అవుతున్నాడు గానీ వెనక ఎర్ర లైటు వెలగట్లేదు! నెమ్మదిగా ఆపేటప్పుడు అన్న వెనక బ్రేకే వాడతాడు. అంటే నా వెనకొచ్చే లారీకి కూడా అన్న ఆగుతున్నట్టు తెలియదు. గుండె ఝల్లుమంది. హారన్ కొట్టి, చేవెళ్ల మర్రిచెట్ల కింద ఆపించా. కుదుపులకి స్విచ్ వైరు ఊడింది. గుచ్చి, టేపు చుట్టాం.

"నాకెట్ల తెలుస్తదిరా? నా వెనక నాకు కనబడదు గదా" అన్నాడు అన్న.

మన్నెగూడ దగ్గర తిరిగి, వికారాబాద్ మీదుగా కొండెక్కాం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామిని దర్శించుకున్నాం. అసలు పరీక్ష దిగేటప్పుడే. సెకండ్ గేర్‌లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కి వదలాలి. అదే పనిగా పట్టుకుంటే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది.

ఒక మలుపులో కోతుల గుంపు. ముందు కారు సడన్‌గా ఆగింది. అన్న వెనక ఎర్ర లైటు వెలిగింది. బండి కొంచెం కూడా పక్కకి పోలేదు. నిటారుగా ఆగింది. ఎడమకాలు నేలకి ఆనింది. నేను అప్పుడు ఊపిరి వదిలా.

వికారాబాద్‌లో టీ తాగుతూ అరచెయ్యి చూపించాడు. లివర్ ఒత్తుకుని ఎర్రగా కందింది. "నాన్న ఉంటే తిట్టేటోడు, బండి పాడు జేసినవని" అన్నాడు. కాసేపాగి, "తర్వాత ఆయనే వెనక కూసునేటోడు" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే వీడియోలు చూసి మీరే బిగించుకోకండి. మంచి మెకానిక్‌ని, ఆర్టీఏని అడగండి. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు వెనక ఒకరు ఫాలో అవ్వండి. ఆ ఎర్ర లైటు నడిపేవాళ్లకి కనబడదు, వెనకున్న మనకే కనబడుతుంది.