గంట యొకటి, వినువారు పెక్కురు

యంత్రము అబద్ధమాడదని లోకులు చెప్పుదురు. ఇది సగము మాత్రమే సత్యము. యంత్రము తనకు చెప్పబడిన దానిని తప్పక చేయును. చెప్పినవాడు ఒకమారు చెప్పితిననుకొని పదిమార్లు చెప్పియున్నచో పదిమార్లును చేయును. అట్టి సమయమున మనము యంత్రమును నమ్మి మనుష్యుని సందేహింతుము. కంప్యూటరు విద్య నభ్యసించు బాలబాలికలకు ఈ విషయమున కొంత హెచ్చరిక యవసరమని తలచి, జావాస్క్రిప్టు భాషలో తరచుగా కనబడు ఒక దోషమును గూర్చి యిచట వ్రాయుచున్నాము. బటనును ఒకమారు నొక్కగా పని పలుమార్లు జరుగుటయే ఆ దోషము.

ఈ భాషను 1995వ సంవత్సరమున నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అను నాతడు పది దినములలో రూపొందించెను. ఇందు బటను నొక్కుటను ఈవెంటు అందురు. ఆ ఈవెంటు జరిగినప్పుడు చేయవలసిన పనిని ముందుగా నమోదు చేయవలెను. అట్లు నమోదైన దానికి లిజనరు, అనగా వినువాడు, అని పేరు. నమోదు చేయు ఆజ్ఞ యాడ్‌ఈవెంట్‌లిజనర్ అనునది. 2000వ సంవత్సరము నవంబరులో వెలువడిన డబ్ల్యూ త్రీ సీ సంఘపు ప్రమాణములలో అది చేరియున్నది.

దీనిని బడి గంటతో పోల్చి గ్రహింపవచ్చును. బంట్రోతు గంటను ఒకమారే కొట్టును. ఆ గంట విని పుస్తకమున గీత గీయుటకు ఒక్క మానిటరును నియమించినచో ఒక్క గీతయే పడును. పాతవానిని తీసివేయక దినమునకొకని చొప్పున నియమించుచు పోయినచో, మూడవ దినమున ఒక్క గంటకు మూడు గీతలు పడును. గంట కొట్టినవాడు నిర్దోషి. గీత గీచినవారును ఆజ్ఞ మీరినవారు కారు. దోషము నియామకమందే యున్నది.

ఇట్టి దోషము వలన మా పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమున ఒక బాలికకు నింద కలిగెను. పదవ తరగతి బాలురు కొందరు మెప్పులు లెక్కించుటకై ఒక పేజీని తయారుచేసిరి. చూడవచ్చినవారు కంప్యూటరు తెరపై నమూనా పేరును నొక్కి వివరణమును తెరచి, పిమ్మట ‘మెచ్చితిమి’ అను బటనును నొక్కవలెను. ప్రక్కనున్న పుస్తకమున సంతకము చేయవలెను. మా చోడవరము ప్రాంతము చెరకు పండు నేల. (ఇది పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది, 2022 ఏప్రిలు నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది.) కావున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చెరకు రసము బెల్లమగు విధమును చూపు నమూనాను పెట్టెను. మధ్యాహ్నపు గంట వేళకు పుస్తకమున ఆమెకు సంతకములు 10; తెరపై మెప్పులు 55! ఎవరును చూడనప్పుడు తానే బటనును నొక్కుకొనెనని తోడి విద్యార్థులు అనిరి. ఆ బాలిక కన్నీళ్లతో నిలిచెనే కాని బదులు చెప్పలేకపోయెను.

అందరి కన్నులును 55 మీదనే యుండెను. దాని ప్రక్క నమూనాకు సంతకములు 5, మెప్పులు 15 అను సంగతిని ఎవరును గమనింపలేదు. ఒకటి మొదలు ఐదు వరకు కూడిన 15 వచ్చును; ఒకటి మొదలు పది వరకు కూడిన 55 వచ్చును. దొంగచాటున నొక్కిన అంకెలు రెండు నమూనాలకును ఒకే సూత్రమున కుదురవు. కాబట్టి మొదటివాడు నొక్కగా ఒకటి, రెండవవాడు నొక్కగా రెండు, మూడవవాడు నొక్కగా మూడు చేరుచున్నవని తేటపడెను. బాలురను పిలిచి వారు వ్రాసిన వరుసలను చూపుమనగా కారణము బయటపడెను. వివరణమును తెరచు ఫంక్షను లోపలనే ‘మెచ్చితిమి’ బటనుకు లిజనరును నమోదు చేసియుండిరి. తెరచిన ప్రతిమారును పాతవారు పోకయే క్రొత్త వినువాడొకడు చేరుచుండెను.

“మేము పరీక్షించినప్పుడు సరిగానే యుండెనండి” అని వారనిరి. అదియు నిజమే. పేజీని మరల లోడు చేసినప్పుడు నమోదైన వినువారందరును తొలగిపోవుదురు. వారు ప్రతి పరీక్షకును పేజీని లోడు చేసి ఒక్కమారే నొక్కిరి. దోషము రెండవమారు నొక్కినప్పుడు గాని కనబడదు. ఆ బాలురు తామే సభలో నిలిచి సంగతి తెలిపిరి. సంతకముల లెక్క ప్రకారమును ఆ బాలిక నమూనాయే మొదటిదయ్యెను.

ఒకే ఫంక్షనును ఒకే బటనుకు రెండుమార్లు నమోదు చేసినను బ్రౌజరు ఒక్కదానినే యుంచుకొనును. అయితే అక్కడికక్కడ వ్రాసిన పేరులేని ఫంక్షను ప్రతిమారును క్రొత్తదిగానే యెంచబడును. కావున ఫంక్షనును బయట వ్రాసి పేరు పెట్టి, పేజీ తెరచినప్పుడు ఒక్కమారే నమోదు చేయుట ఉత్తమము. రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ ఆజ్ఞతో తొలగింపవలెనన్నను నమోదు చేసిన ఆ ఫంక్షనునే చూపవలెను. ‘వన్స్’ అను నియమమును చేర్చిన వినువాడు ఒకమారు పని చేసి తొలగును. కాని ఎవడైనను వివరణమును తెరచి మెచ్చకయే పోయినచో వాని వినువాడు మిగిలి, తరువాతి లెక్క చెడును.

ఇతర కారణములును కలవు. లోపలి బటనును నొక్కిన ఈవెంటు నీటి బుడగవలె పైకి పోయి, దానిని చుట్టియున్న పెట్టెకును చేరును. రెంటికిని లిజనరులున్నచో పని రెండుమార్లు జరుగును. లేబులులో చెక్‌బాక్సు ఉన్నచో, లేబులును నొక్కగా బ్రౌజరు చెక్‌బాక్సుపై రెండవ క్లిక్కును పుట్టించును. ఒకే స్క్రిప్టు ఫైలును పేజీలో రెండుమార్లు చేర్చుటయు కలదు. తుదకు, తొందరపడి రెండుమార్లు నొక్కు మన వ్రేలును కలదు. రుసుము చెల్లించు పేజీలలో ఒకమారు నొక్కిన వెంటనే బటనును పనిచేయకుండ ఆపవలెను. సర్వరును రెండవ చెల్లింపును గుర్తించి నిరాకరింపవలెను.

ఇన్ని కారణములలో ఏది నిజమో ఊహించుట తగదు. ఒక్క ఈవెంటుకు వినువారు పెక్కురా, లేక ఈవెంట్లే పెక్కా? ఇదియే మొదటి ప్రశ్న. ఫంక్షను లోపల కన్సోల్ కౌంట్ అను ఆజ్ఞ వ్రాసినచో ఎన్నిమార్లు నడిచెనో తెలియును; ఈవెంటు యొక్క కరెంట్‌టార్గెట్‌ను ముద్రించినచో ఎవరి చెంత వినబడెనో తెలియును. క్రోమ్ బ్రౌజరు పరికరములలో ఈవెంట్ లిజనర్స్ అను చోట నమోదైన వారి పట్టిక కనబడును. బాలుడైన సమూయేలు రాత్రి పిలుపు విని మూడుమార్లు ఏలీయొద్దకు పరుగెత్తెను. మూడవమారు ఏలీ, పిలుచుచున్నవాడెవడో గ్రహించి బాలునికి దారి చూపెను. పిలుపు ఎక్కడనుండి వచ్చెనో విచారించుటయే పెద్దల వివేకము.

బాలబాలికలారా! మీరు వ్రాయు పేజీని ఒకమారు నొక్కి చాలునని లేవకుడి. రెండవమారును, మూడవమారును నొక్కి చూడుడి. తెరపై అంకె వింతగా కనబడినప్పుడు తోటివానివైపు వ్రేలు చూపుటకు ముందు ప్రక్క అంకెను కూడ చదువుడి. తలిదండ్రులును ఉపాధ్యాయులమైన మేమును పాటింపవలసిన నీతియు ఇదియే. వరుసను సరిదిద్దుటకు ఒక గడియ చాలును. నిర్దోషిపై వేసిన మాటను తుడుచుటకు అంత స్వల్పకాలము చాలదు.