బత్తాయి అడిగే ప్రశ్న

దిల్‌సుఖ్‌నగర్‌లో తోపుడుబండి మీద బత్తాయిలు చూస్తే నల్లగొండ తోటలు గుర్తొస్తాయి. పక్కనున్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వైపు తరలిపోయింది. బండ్ల మీద కాయలు మాత్రం అలాగే ఉన్నాయి.

రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 నాటిది. అక్కడి పిల్లలు చివరి ఏడాదిలో కొన్నాళ్లు పల్లెల్లో ఉండి, రైతుల మధ్య పని నేర్చుకుంటారు. నేనైతే వాళ్లకు ఒక్క బత్తాయి ఇచ్చి, దాని చరిత్ర వెతికి రాయమంటాను. కాకతీయుల కాలంలో కట్టిన చెరువులు ఎందుకు పూడాయి? ఊళ్లో తొలి బోరు ఎప్పుడు పడింది? జొన్నచేను తోటగా ఎలా మారింది?

ఎరువుల మోతాదు పుస్తకంలో దొరుకుతుంది. తాత ఏ చెరువును నమ్ముకుని ఏ పంట వేశాడో ఊరి అరుగు మీదే వినాలి. అది విన్న పిల్లవాడు భూసార పరీక్ష కాగితం పట్టుకుని రైతుతో మాట్లాడే తీరే మారుతుంది. ఆ మాటలు విన్నాకే మార్కులు వేస్తాను.